జుట్టున్నమ్మకి స్ట్రెయిటనింగ్ ఎందుకండీ?

సంపాదకుల గారికి నమస్కారం.

గత ఆదివారం మీ మహిళల పేజీలో ‘రెట్రో పెళ్లికూతురు’ ఫీచర్ చూశాను. పఫ్ చేతుల జాకెట్లు, కాసులపేరు, నలుపు తెలుపు ఫొటోలు, అంతా ముచ్చటగా ఉంది. జుట్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం పప్పులో కాలేశారు. ‘జుట్టు ఒత్తుగా, రింగులుగా ఉన్నవాళ్లు పెళ్లికి ముందే స్ట్రెయిటనింగ్ చేయించుకుంటే, ఆ రోజు టాంగ్ అనే వేడి కడ్డీతో పాతకాలపు అలలు తేలిగ్గా తెప్పించవచ్చు’ అని రాశారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. పుట్టుకతో వచ్చిన అలల్ని వేలకు వేలు పోసి చదును చేయించుకుని, మళ్లీ డబ్బులు పెట్టి అవే అలలు అరువు తెచ్చుకోవాలా? జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అని పెద్దవాళ్లు ఊరికే అనలేదు కదండీ.

నేను రాజమండ్రి చుట్టుపక్కల పెళ్లిళ్లకి తలలు దువ్వే మనిషిని. మేకప్ వేరేవాళ్లు చేస్తారు, నాది జడ, కొప్పు, పూలు, అంతే. నాదీ రింగుల జుట్టే, కాబట్టి ఈ ఉత్తరంలో కాస్త కోపం కనిపిస్తే సర్దుకోండి. పాతకాలపు ముస్తాబుకి ఒత్తయిన ఉంగరాల జుట్టు అడ్డం కాదు, అసలు సరుకే అది. దాన్ని తిన్నగా చేసి గానీ పని మొదలుపెట్టలేని వాళ్లకి ఆ పని రాదని అర్థం.

రెట్రో రెట్రో అంటున్నారు కదా, అసలు ఆ కాలంలో వాళ్లు ఏం చేసేవాళ్లో చూడండి. 1872 ప్రాంతంలో పారిస్‌లో మార్సెల్ గ్రాటో అనే ఆయన వేడి చేసిన ఇనప పటకారుతో ఆడవాళ్ల జుట్టుకి నొక్కులు తెప్పించడం మొదలుపెట్టాడు, మార్సెల్ వేవ్ అంటే అదే. 1906లో లండన్‌లో కార్ల్ నెస్లర్ అనే జర్మన్ ఇంకో అడుగు ముందుకేసి, జుట్టుని రాడ్లకి చుట్టి, మందు పూసి, కరెంటుతో కాచి, ఎన్ని రోజులైనా పోని అలలు తెప్పించే యంత్రం చూపించాడు. ఆ యంత్రం కింద ఆడవాళ్లు గంటల తరబడి కదలకుండా కూర్చునేవాళ్లు. 1920, 30లలో జెల్ లాంటి లోషన్ రాసి వేళ్లతో నొక్కే ఫింగర్ వేవ్స్, 40లలో యుద్ధం రోజుల్లో తల మీద రెండు పక్కలా చుట్టలు చుట్టే విక్టరీ రోల్స్, 50లలో రాత్రంతా పిన్నులు పెట్టుకుని పడుకుని పొద్దున్నే విప్పుకునే పిన్ కర్ల్స్. ఇదంతా ఎవరి అవస్థ? జుట్టు తిన్నగా ఉన్నవాళ్లు ఒక్క వంకీ కోసం పడిన అవస్థ. మనకి ఆ వంకీ అమ్మ కడుపులోంచే వచ్చింది, దాన్ని తీసేసి వాళ్ల అవస్థ మనం పడతామంటే ఏం చెప్పాలి?

మన వైపు సంగతి వేరే చెప్పక్కర్లేదు. సావిత్రి, జమున, అంజలీదేవి, భానుమతి గార్ల కాలం స్టిల్స్ తీసి చూడండి. నుదుటి పక్కన సుడి తిరిగిన ముంగురులు, చెవి మీదుగా దిగిన నొక్కులు, వెనక బారెడు జడ, ఎక్కడా ఇప్పటి స్ట్రెయిటనర్ కొట్టిన గీత కనపడదు. 2018లో సావిత్రి గారి జీవితం మీద సినిమా వచ్చిన దగ్గర్నుంచి మా దగ్గరికి ఆ ఫొటోలు ఫోన్లో పెట్టుకుని వచ్చే పెళ్లికూతుళ్లు బాగా పెరిగారు. మంచిదే. కానీ వాళ్లలో సగం మంది నా దగ్గరికి వచ్చేటప్పటికే జుట్టు చదును చేయించుకుని వస్తున్నారు, ఎందుకమ్మా అంటే పార్లర్‌లో చెప్పారంటారు, ఇప్పుడు మీ పేపర్లో కూడా రాశారంటారు.

ఆ మధ్య కడియం వైపు ఒక పెళ్లికి వెళ్లాను. పిల్లకి నడుము దాకా జుట్టు, ఒక్కో రింగు చిటికెన వేలు లావు. వాళ్లమ్మ గారు నన్ను పక్కకి పిలిచి, ‘ఈ పొదని ముందు కాస్త అణచండి, తర్వాత మీ ఇష్టం’ అన్నారు. మంచం మీద కూర్చున్న మామ్మగారు వినేసి, బీరువాలోంచి తన పెళ్లి ఫొటో తెప్పించారు. స్టూడియోలో తీసిన ఫొటో, అట్ట వెనక బూజు మరకలు. అందులో ఆవిడ పాపిడికి ఎడమ పక్కన మూడు నొక్కులు, వరసగా, కొలిచి పెట్టినట్టు. ‘రేపు ఫొటో అంటే ఈ రాత్రే తడి జుట్టుకి పాత చీర పేలికలు చుట్టి, ముడేసుకుని పడుకునేవాళ్లం అమ్మాయ్, మెడ పట్టేసేది. దీనికి ఆ కర్మ లేదుగా, నువ్వు దాన్ని చెడగొట్టకు’ అన్నారు. అదే నొక్కు ఆ పిల్లకి పెట్టడానికి నాకు పేలిక కూడా అక్కర్లేకపోయింది, జెల్, నాలుగు క్లిప్పులు, ఆరేదాకా ఓపిక, అంతే.

ఇది ఎందుకు కుదురుతుందో కొంచెం చెప్తాను, ఎందుకంటే మీ ఫీచర్లో ఆ ముక్క లేదు. జుట్టులో ఉండేది కెరటిన్ అనే ప్రొటీన్. దాన్ని ఒక ఆకారంలో పట్టి ఉంచే బంధాల్లో కొన్ని బలహీనమైనవి, నీళ్లు తగలగానే విడిపోయి, ఆరగానే మళ్లీ బిగుసుకుంటాయి. కొన్ని గట్టివి, గంధకంతో ఏర్పడేవి, రసాయనాలు పెడితే తప్ప తెగవు. పేలికలు, పిన్ కర్ల్స్, ఫింగర్ వేవ్స్ అన్నీ మొదటి రకం మీద ఆధారపడ్డ పనులు: తడిపి, వంచి, ఆరనివ్వడం. టాంగ్ కూడా అంతే, నీళ్ల బదులు వేడి. పార్లర్లలో జుట్టు తిన్నగా చేయడానికి పెట్టే రీబాండింగ్ అనేది రెండో రకాన్ని తెంపి మళ్లీ అతికించే పని, అలా అతికించిన జుట్టు మళ్లీ వెనక్కి రాదు, కొత్తగా పెరిగి రావాల్సిందే, నెలకి పెరిగేది అర అంగుళం లెక్కన. నడుము దాకా జుట్టున్న పిల్ల ఒక్క రోజు ఫొటోల కోసం ఆ పని చేయించుకుంటే ఎన్నేళ్లు పోతాయో మీరే లెక్కేసుకోండి.

పైగా మనది గోదావరి జిల్లా. గాలి నిండా తేమ. తిన్నటి జుట్టుకి టాంగ్‌తో పెట్టిన అల ఆ తేమ తగిలేకొద్దీ జారిపోతుంది, తెల్లవారుజాము ముహూర్తానికి పెట్టింది ఫలహారాల వేళకి నిట్టనిలువుగా వేలాడుతూ ఉంటుంది, దాన్ని నిలబెట్టడానికి స్ప్రే మీద స్ప్రే కొట్టి జుట్టుని అట్ట చేస్తారు. రింగుల జుట్టు జారదు, ఉబ్బుతుంది. ఉబ్బుతుందని ముందే తెలుసు కాబట్టి మొదట కొంచెం బిగువుగా, అనుకున్నదానికంటే ఒక పిసరు చిన్నగా సెట్ చేస్తే, ముహూర్తం వేళకి సరిగ్గా కావాల్సిన సైజుకి వస్తుంది. వైజాగ్, కాకినాడ లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో ఇంకొంచెం బిగించాలి. హైదరాబాద్‌లో ఎండాకాలం పెళ్లికి వెళ్తే దీనికి తిరగేసి, అక్కడ ఉబ్బడం కాదు బాధ, ఎండిపోయి చివర్లు విడిపోవడం.

ఇక పని ఎలా చేయాలో. తలస్నానం ముందు రోజు మధ్యాహ్నానికే అయిపోవాలి, ఒత్తు జుట్టుని చుట్టి పిన్నులు పెడితే ఆరడానికి రాత్రంతా పడుతుంది. కుంకుడు రసమైనా, ఘాటు తక్కువ షాంపూ అయినా మాడుకే పట్టించండి, చివర్లకి కిందికి జారే నురగ చాలు. మాడు మీద పుట్టే సహజమైన జిడ్డు తిన్నటి జుట్టులో జరజరా కిందికి దిగుతుంది, రింగుల్లో మెలిక మెలిక దగ్గరా ఆగిపోతుంది, అందుకే మనకి మాడు జిడ్డుగా ఉన్నా చివర్లు ఎండిపోయి ఉంటాయి. కండిషనర్ చివర్లకి దండిగా పట్టించి, అది ఉండగానే, జుట్టు జారుతూ ఉండగానే, పళ్లు దూరంగా ఉన్న దువ్వెనతో కింది నుంచి మొదలుపెట్టి పైకి చిక్కు తీయాలి. ఆరిన రింగుల్లో దువ్వెన పెట్టారా, నొక్కులన్నీ విడిపోయి కొబ్బరి పీచులా లేచి కూర్చుంటుంది, ఇంక ఆ రోజుకి ఎవరూ ఏమీ చేయలేరు. మన ఇళ్లలో రింగుల జుట్టు పిల్లలు ఏడ్చేది ఇక్కడే. బడికి టైమైపోతోందని పొడి జుట్టులో సన్న దువ్వెన పెట్టి లాగడం, పిల్ల గోల పెట్టడం, ‘నీ జుట్టు ఇంతేనే’ అని అమ్మ విసుక్కోవడం, ఆ పిల్లే పెద్దయ్యాక మొదటి జీతంతో స్ట్రెయిటనింగ్‌కి పరిగెత్తడం.

తువ్వాలుతో రుద్దకండి, పాత నూలు పంచెతో ఒత్తండి. తర్వాత జెల్. బజార్లో దొరికేది వాడుకోవచ్చు గానీ నాకు అవిసె గింజల జెల్ బాగా కుదిరింది. పావు కప్పు గింజలు, రెండు కప్పుల నీళ్లు, సన్నని సెగ, కలుపుతూనే ఉండాలి, గరిటె ఎత్తితే తీగ సాగుతూ జారాలి. అప్పుడు దించి వేడి మీదే పల్చటి గుడ్డలో వడగట్టాలి, చల్లారిందంటే గుడ్డలోంచి దిగమన్నా దిగదు. ఫ్రిజ్‌లో పెట్టుకుని వారం లోపల వాడేయాలి, వాసన మారితే పారబోయాలి.

ముందు నొక్కులకి పాపిడి పక్కకి తీసి, ముందు పాయకి మాత్రం జెల్ బాగా పట్టించి, రెండు వేళ్ల మధ్య జుట్టుని ఒక వరస ముందుకి, దాని కింది వరస వెనక్కి నెడుతూ, ఒక్కో నొక్కు దగ్గర పొడుగు క్లిప్పు పెట్టుకుంటూ పోతాం. ఇక్కడే పనితనం ఉంది. రింగుల జుట్టుకి దాని వాలు దానికి ఉంటుంది, అది ఎక్కడ వంగుతోందో కళ్లతో చూసి అక్కడే నొక్కు పెట్టాలి, మనకి నచ్చిన చోట పెడితే సాయంత్రానికల్లా దాని దారిన అది పోతుంది. మిగతా జుట్టుని పాయలు తీసి చివర నుంచి మాడు దాకా చుట్టి పిన్నులు పెట్టాలి. తిన్నటి జుట్టుకైతే సన్న పాయలు తీస్తారు, మనకి లావు పాయలు కావాలి, రింగు తెప్పించడం కాదుగా మన పని, ఉన్న చిన్న రింగుని పెద్ద అలగా సాగదీయడం. ఈ ఒక్క తేడా తెలియకే చాలామంది మొదటిసారి పిన్ కర్ల్స్ పెట్టుకుని పొద్దున్నే అద్దంలో చూసుకుని హడలిపోతారు. విప్పాక అలల్ని కలపడానికి బ్రష్‌తో దువ్వుతారు, ఇంగ్లీషు వీడియోలన్నిటిలో అదే చూపిస్తారు. మనం ముందు భాగం ఒక్కటే, అదీ అరచేతికి నాలుగు చుక్కల నూనె రాసుకుని, మెత్తటి బ్రష్‌తో పైపైన. వెనకంతా వేళ్లే.

విక్టరీ రోల్ కావాలనే పిల్లలు కూడా వస్తున్నారు, ఎక్కువగా సంగీత్‌కి. తిన్నటి జుట్టు వాళ్లకి బ్యాక్ కోంబింగ్, అంటే జుట్టుని మాడు వైపుకి వెనక్కి దువ్వి ఉబ్బించడం, చేసి, లోపల స్టఫింగ్ పెట్టి, అది కనపడకుండా దాచడానికి తంటాలు పడతాం. ఒత్తు జుట్టుకి ఆ గొడవే లేదు. ముందు రాత్రి పై పాయ ఒక్కటీ తడిగా బిగించి జడ అల్లి వదిలేస్తే రింగు కొంచెం సాగుతుంది, పొద్దున్న రెండు వేళ్ల చుట్టూ చుట్టి, లోపలి వైపు నుంచి యు పిన్ను గుచ్చితే బొంగరం తిప్పినా కదలదు.

సినిమాలో, సంగీత్‌లో అందం ఒకటైతే తెలుగు పెళ్లిలో తల మీద జరిగేవి వేరు, వాటి సంగతి ఏ రెట్రో ఫీచర్లోనూ చదవలేదు నేను. మొదటిది మంగళస్నానం. రాత్రంతా చుట్టి ఆరబెట్టిన జుట్టు మీద పొద్దున్నే చెంబెడు నీళ్లు పోస్తే గోవిందా. ఇంట్లో పెద్దవాళ్లతో ముందే మాట్లాడుకుంటే, మాడున చుక్క నూనె పెట్టి, నాలుగు నీటి చుక్కలు చల్లి, తల తడవకుండా ఒంటి మీదికి స్నానం కానిచ్చేస్తున్నారు, నేను అడిగిన ఇళ్లలో చాలావరకు ఒప్పుకున్నారు. ఒప్పుకోని ఇంట్లో గొడవ పెట్టుకోకండి, సెట్‌ని స్నానం తర్వాతకి మార్చుకోండి, గాలిని చెదరగొట్టే మూతి, అదే డిఫ్యూజర్, ఉన్న డ్రయ్యర్ తక్కువ వేడి మీద పెట్టి, కనీసం గంటన్నర చేతిలో ఉంచుకోండి. రెండోది బాసికం. దాని దారం సరిగ్గా మనం పెట్టిన ముందు నొక్కుల మీదుగా పోతుంది, ఎవరో మేనత్త గారు వచ్చి గట్టిగా లాగి ముడేస్తారు, మూడు నొక్కుల్లో రెండు చచ్చిపోతాయి. కాబట్టి పై నొక్కుని కావాలని చదునుగా వదిలేసి, దారం దిగే గీత కింద, కణత దగ్గర అసలు నొక్కులు పెట్టుకోవాలి. మూడోది జీలకర్ర బెల్లం. నడినెత్తిన పెడతారు, చాలాసేపు చెయ్యి అలాగే ఉంచుతారు. నడినెత్తిన పఫ్ లేపి పెట్టుకున్న పిల్లకి ఆ పఫ్ అక్కడితో సరి. పైగా బెల్లం రింగుల్లోకి దిగి ఆరితే రాయే. అందుకే నడినెత్తి భాగాన్ని నేను ఎప్పుడూ జెల్‌తో సాదాగా అణిచి, అక్కడ తమలపాకు చక్కగా కూర్చునేలా చూస్తాను, ఎత్తంతా దాని వెనక నుంచి మొదలవుతుంది.

తలంబ్రాల గురించి చెప్పకుండా ఉండలేను. పసుపు బియ్యం రింగుల్లో ఇరుక్కుంటుంది, అది ఫర్వాలేదు, తల వంచి వేళ్లతో విదిలిస్తే పోతుంది. ఇప్పుడు రంగురంగుల థర్మాకోల్ పూసలు పోస్తున్నారు చూశారూ, అవి పోవు. ఒత్తు జుట్టులోకి దూరి మాడు దాకా దిగి, దువ్వెన పెడితే కరెంటు పట్టి ఇంకా అతుక్కుంటాయి, అప్పగింతలు అయ్యాక పిల్ల అత్తారింట్లో కూర్చుని ఒక్కోటీ ఏరుకోవాలి. దయచేసి బియ్యం, మహా అయితే ముత్యాలు, అంతటితో ఆపండి. పూల విషయంలో మాత్రం రింగుల జుట్టుదే రాజ్యం. కడియం నుంచి వచ్చిన మల్లెమాల సిగ చుట్టూ తిప్పితే తిన్నటి జుట్టు మీద జారి మెడ మీదికి దిగిపోతుంది, రింగుల మీద పిన్ను లేకుండానే నిలబడుతుంది. తీసేటప్పుడు మాత్రం దండ లాగకండి, దారం రెండు మూడు చోట్ల కత్తిరించి ముక్కలుగా తీయండి.

కొప్పుల మాటకొస్తే, వాణిశ్రీ గారి కొప్పు అడగని సీజన్ లేదు మాకు. 1970లలో ఆవిడ పెట్టిన కొప్పులు చూసి ఊరూరా పెట్టుకున్నారు, జుట్టు చాలనివాళ్లు సవరాలు కొన్నారు. ఒత్తు జుట్టు పిల్లకి సవరం ఎందుకు? అయినా అలవాటు కొద్దీ పెట్టేస్తారు, నిగనిగలాడే తిన్నటి సవరం పైన ఈ పిల్ల నొక్కుల జుట్టు కప్పితే అతుకు అంత దూరం నుంచి తెలుస్తుంది. తప్పదనుకుంటే సవరాన్ని తడిపి, జడలల్లి ఆరబెట్టి, జుట్టుకి సరిపోయే నొక్కు తెచ్చాకే పెట్టండి, మనిషి జుట్టుతో చేసిందైతే మన జుట్టు లాగే మాట వింటుంది. ప్లాస్టిక్ దారం రకం వినదు.

పెళ్లయ్యాక ఎవరూ పట్టించుకోని సంగతొకటి ఉంది. తల నిండా స్ప్రే, జెల్, పిన్నులు. అలాగే పడుకుని, పొద్దున్నే షాంపూ పోసి బరబరా రుద్దితే చేతికి వచ్చేది జుట్టే. ముందు పిన్నులన్నీ లెక్కపెట్టి తీయాలి, మేం ఎన్ని పెట్టామో రాసి ఇస్తాం, ఒత్తు జుట్టులో ఒకటి ఉండిపోతే తలగడ మీద తల పెట్టినప్పుడు గానీ తెలియదు. తర్వాత కొబ్బరి నూనె గోరువెచ్చగా పాయ పాయకీ పట్టించి గంట ఉంచితే స్ప్రే మెత్తబడుతుంది, అప్పుడు తలంటు. కొబ్బరి నూనె జుట్టు లోపలికి దిగుతుందనీ, ఉతుకులో పోయే ప్రొటీన్‌ని తగ్గిస్తుందనీ, మినరల్ ఆయిల్‌కీ పొద్దుతిరుగుడు నూనెకీ ఆ గుణం లేదనీ 2003లో మన దేశంలోనే పరిశోధన చేసి ప్రచురించారు. చేసింది కొబ్బరి నూనె అమ్మే కంపెనీ శాస్త్రవేత్తలే అనుకోండి, అది కూడా చెప్పాలి కదా. అయినా ఈ విషయంలో మా మామ్మకి ఏ పరిశోధనా అవసరం లేకపోయింది.

మీ ఫీచర్లో నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది ఇప్పుడు చెప్తాను. స్ట్రెయిటనింగ్ చేయించుకోండి అని ఒక్క ముక్కలో రాసేశారే, అందులో ఏముంటుందో ఒక్క లైను రాయలేదు. కెరటిన్ ట్రీట్‌మెంట్ పేరుతో జుట్టు చదును చేయడానికి పెట్టే మందుల్లో చాలా వాటిలో ఫార్మల్‌డిహైడ్ అనే ఘాటు రసాయనం గానీ, వేడి చేస్తే దాన్ని విడుదల చేసేవి గానీ వాడతారు, పార్లర్‌లో కళ్లు మండి ముక్కు కారేది అందుకే. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో ఎప్పుడో చేర్చింది. 2022లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ శాస్త్రవేత్తలు 33,497 మంది ఆడవాళ్లని దాదాపు 11 ఏళ్లు గమనించి రాసిన దాంట్లో, స్ట్రెయిటనింగ్ మందులు ఎప్పుడూ వాడనివాళ్లలో 70 ఏళ్లు వచ్చేలోపు గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 1.64 శాతమైతే, తరచుగా వాడినవాళ్లలో 4.05 శాతం అని తేలింది. కారణం కచ్చితంగా ఇదేనని వాళ్లు అనలేదు, మనమూ అనొద్దు, కానీ ఆ సంగతి తెలియజేయాలి కదా.

‘మా దాంట్లో ఫార్మల్‌డిహైడ్ లేదు మేడం’ అంటారు. లేకపోతే చాలాసార్లు దాని బదులు గ్లయాక్సిలిక్ యాసిడ్ అనే ఇంకో రసాయనం ఉంటుంది. 2024లో ఫ్రాన్స్ డాక్టర్లు ఒక పేరున్న వైద్య పత్రికలో 26 ఏళ్ల అమ్మాయి కేసు రాశారు, 2020, 2021, 2022లలో ఒక్కోసారి స్ట్రెయిటనింగ్ చేయించుకుంది, మూడుసార్లూ వాంతులు, జ్వరం, నడుము నొప్పి, కిడ్నీ దెబ్బతినడం. ఆ మందు ఎలుకల చర్మానికి రాసి చూస్తే కిడ్నీల్లో స్ఫటికాలు పేరుకున్నాయి. పెళ్లికి ముందు ఆ రిస్కు ఎందుకండీ, అదీ ఉన్న నొక్కులు పోగొట్టుకోవడానికి?

పార్లర్ల వాళ్లని మాత్రమే తిట్టను. బ్యుటీషియన్ క్లాసుల్లో ప్రాక్టీసుకి డమ్మీ తల ఇస్తారు, నేను చూసిన ప్రతి డమ్మీ తలకీ తిన్నటి జుట్టే. దాని మీద నేర్చుకున్న పిల్లకి ఎదురుగా బారెడు రింగుల జుట్టు వచ్చి కూర్చుంటే టెన్షన్ రాక ఏం చేస్తుంది, తనకి తెలిసిన తలగా మార్చుకుని అప్పుడు పని మొదలుపెడుతుంది. పైగా ‘ఒత్తు జుట్టు కాబట్టి ఎక్స్‌ట్రా’ అని బిల్లు. టైం ఎక్కువ పడుతుంది, అది నిజం, నేనూ తీసుకుంటాను, కానీ సెట్‌కి తీసుకుంటాను, జుట్టుని పాడు చేయడానికి కాదు. కత్తిరించడం కూడా ఇంతే, రింగుల జుట్టుని తడిపి లాగి పట్టుకుని కత్తిరిస్తే ఆరాక రెండు అంగుళాలు పైకి ఎగిరి కూర్చుంటుంది, ముంగురులు కావాలని వచ్చిన పిల్ల నుదురంతా గొడుగు వేసుకుని వెళ్తుంది. ఆరిన జుట్టు మీద, రింగు రింగునీ చూసి, కొంచెం కొంచెంగా కత్తిరించమని అడగండి.

మీరు చేయాల్సింది పెద్దదేమీ కాదు. వచ్చే వారం సవరణ వేయండి, రెట్రో ముస్తాబుకి స్ట్రెయిటనింగ్ అవసరం లేదని, చేయించుకోవాలనుకునేవాళ్లు మందులో ఏముందో సీసా మీద చదివి మరీ ఒప్పుకోవాలని. పార్లర్ వాళ్లు ఇచ్చిన ప్రకటనైతే ప్రకటన అని పైన రాయండి. పాఠకుల్ని వాళ్ల అమ్మమ్మల, నాయనమ్మల పెళ్లి ఫొటోలు పంపమని అడగండి, మీ ఫీచర్‌కి ఆ ఫొటోలకి మించిన రెఫరెన్సు దొరకదు. మోడల్‌గా ఒక్కసారైనా ఒత్తు రింగుల జుట్టు పిల్లని పెట్టండి. అలాంటి పిల్ల దొరకలేదంటే మా వైపు పంపించండి మీ ఫొటోగ్రాఫర్‌ని, శ్రావణంలో ముహూర్తాలు మొదలయ్యేలోపు అయితే నాకు ఖాళీనే. ముందు రోజు మధ్యాహ్నానికే రమ్మనండి, పిన్నులు పెట్టడం కూడా ఫొటోలు తీసుకోవచ్చు.

ఇట్లు,
తలలు దువ్వే ఒక పాఠకురాలు,
రాజమహేంద్రవరం